వరంగల్లు నుంచి ఏడు గుమ్మటాల దాకా: కుతుబ్‌షాహీ సమాధుల సందర్శనపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్లు, కాజీపేట నుంచి హైదరాబాదు వెళ్లి కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణాన్ని చూడాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. మన వైపు నుంచి వెళ్లేవారిలో ఎక్కువ మంది ఉదయమంతా గోల్కొండ కోట ఎక్కి దిగి, అలసిన కాళ్లతో సాయంత్రం ఈ ప్రాంగణంలో అడుగుపెట్టి, నాలుగు ఫొటోలు తీసుకుని, ‘అన్నీ ఒక్కతీరుగానే ఉన్నాయి’ అంటూ తిరిగి వస్తారు. నిజానికి అక్కడ ఏ రెండు రాజగుమ్మటాలూ ఒక్కతీరుగా లేవు. గేటు దగ్గర ఏది ముందు కనిపిస్తే దాన్ని చూడడం మాని, రాజులు పోయిన వరుసలో చూస్తే ఆ తేడాలు వాటంతట అవే తెలుస్తాయి.

ఇది శ్మశానమా, దర్గానా, లేక పార్కా?

ఇది ఒక రాజవంశపు శ్మశానవాటిక. 1518 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ సుల్తానులు, వారి భార్యలు, పిల్లలు, వైద్యులు, సేనానులు, ఆస్థాన నర్తకీమణులు ఇక్కడ సమాధి అయ్యారు. కోటకు ఉత్తరాన ఉన్న బంజారా దర్వాజా నుంచి సుమారు కిలోమీటరు దూరంలో, 106 ఎకరాల విస్తీర్ణంలో వందకు పైగా కట్టడాలున్నాయి. వాటిలో నలభై దాకా సమాధి మందిరాలు; మిగిలినవి మసీదులు, బావులు, స్నానశాల, ఉద్యాన మండపాలు. ఒకే వంశానికి చెందిన రాజులలో దాదాపు అందరూ ఒకే ఆవరణలో నిద్రించే చోటు దేశంలో అరుదు. స్థానికులు దీన్ని సాత్ గుంబజ్, అంటే ఏడు గుమ్మటాలు, అంటారు. ఆటో డ్రైవరుకు ‘సెవెన్ టూంబ్స్’ అని చెప్పినా తెలుస్తుంది.

దర్గా అంటే ఒక పుణ్యపురుషుడి సమాధి. అక్కడ మొక్కులు, చాదర్లు, ఉర్సులు ఉంటాయి. మన కాజీపేట దర్గాకు అన్ని మతాలవారూ వెళ్లడం మనకు తెలిసిందే. ఇక్కడ అలాంటి పూజాక్రమం లేదు, రాజులను రాజులుగానే చూడాలి. పచ్చిక, చెట్లు ఉన్నాయి కాబట్టి పార్కులాగా అనిపించడం సహజమే కానీ, క్రికెట్ ఆడుకునే స్థలం మాత్రం కాదు.

ఓరుగల్లువారికి దీనితో సంబంధం ఏమిటి?

చాలా ఉంది. గోల్కొండ మీద తొలుత మట్టికోట కట్టించింది కాకతీయులని చెబుతారు. కాకతీయ రాజ్యం కూలిన తరువాత ఓరుగల్లును ఏలిన ముసునూరి కాపయ నాయకుడు 14వ శతాబ్దంలో బహమనీ సుల్తానుతో జరిగిన యుద్ధం తరువాత గోల్కొండను వారికి వదులుకోవలసి వచ్చింది. ఆ బహమనీల కొలువులో పనిచేయడానికి ఇరాన్ వైపు నుంచి వచ్చిన సుల్తాన్ కులీ, తెలంగాణకు అధిపతిగా నియమితుడై, బహమనీ రాజ్యం సడలిపోతున్న కాలంలో స్వతంత్రుడయ్యాడు. ఓరుగల్లును ఆనాడు ఏలుతున్న షితాబుఖాను నుంచి దాన్ని గెలుచుకున్నది ఈ సుల్తాన్ కులీనే. ఖిలా వరంగల్లులో ఖుష్‌మహల్ ముందు నిలబడినప్పుడు ఆ షితాబుఖాను పేరు వింటాం. అతణ్ని ఓడించినవాడు ఎక్కడ పడుకున్నాడో చూడాలంటే ఇక్కడికి రావాలి.

వంశం చివరి దశలోనూ మన ఊరి నీడ ఉంది. చివరి సుల్తాను తానీషా దగ్గర ప్రధానిగా చక్రం తిప్పిన మాదన్న, అతని అన్న అక్కన్న హనుమకొండకు చెందినవారు. ఆ సంగతికి చివరలో మళ్లీ వస్తాను.

వరంగల్లు నుంచి ఎలా వెళ్లాలి? ఒక్క రోజులో తిరిగి రావచ్చా?

రావచ్చు. కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కితే సుమారు రెండు గంటల్లో సికింద్రాబాదులో దిగుతారు. బస్సులో అయితే జనగామ, భువనగిరి మీదుగా వెళ్లి ఉప్పల్‌లో దిగడం మంచిది. నగరం లోపలి బస్టాండు దాకా వెళితే ట్రాఫిక్‌లో గంట పోతుంది. సికింద్రాబాద్ ఈస్ట్, ఉప్పల్ రెండూ నీలిరంగు మెట్రో మార్గంలోనే ఉన్నాయి కాబట్టి, ఎక్కడ దిగినా అదే మెట్రోలో రాయదుర్గం వరకు వెళ్లి, అక్కడి నుంచి షేక్‌పేట మీదుగా ఆటోలో ప్రాంగణాన్ని చేరుకోవచ్చు. సిటీ బస్సుల అలవాటు ఉన్నవారు మెహిదీపట్నం చేరి అక్కడి నుంచి కూడా వెళ్లవచ్చు. సొంత కారులో వెళ్లేవారు ఔటర్ రింగు రోడ్డు పట్టుకుంటే నగరంలోకి దూరకుండానే చాలా దూరం చుట్టి రావచ్చు.

ఏ రోజు, ఏ వేళ వెళ్లాలి?

ప్రాంగణానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక పిల్లాపాపలతో వెళ్లి, మూసిన గేటు చూసి తిరిగి వచ్చిన కుటుంబాలను నేను ఎరుగుదును. పండుగ సెలవుల్లో వేళలు మారే అవకాశం ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు రోజు ఒకసారి సరిచూసుకోండి.

కార్తీకం నుంచి మాఘం వరకు హాయిగా ఉంటుంది. ఉదయం గేటు తెరిచిన వెంటనే లోపల ఉండడం మంచిది, ఎందుకంటే తూర్పు ఎండ ఏటవాలుగా పడి సున్నపు పూతలోని పువ్వులు, లతలు నీడలతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఆ నీడలన్నీ మాయమై గోడ బోసిగా అనిపిస్తుంది. ఎండాకాలంలో వెళ్లక తప్పనివారు పదకొండు గంటలకల్లా చూడడం ముగించుకోవాలి. వానాకాలంలో పచ్చిక నడుమ గుమ్మటాలు చాలా అందంగా ఉంటాయి కానీ, నున్నటి రాతి మెట్లు జారతాయి.

గోల్కొండ కోట టికెట్టుతోనే ఇవి కూడా చూడవచ్చా?

చూడలేరు. కోట కేంద్ర పురావస్తు శాఖ అధీనంలోనూ, సమాధుల ప్రాంగణం రాష్ట్ర ప్రభుత్వపు వారసత్వ శాఖ అధీనంలోనూ ఉన్నాయి. టికెట్లు వేరు, సెలవులు వేరు. కెమెరాకు, వీడియోకు విడిగా రుసుము ఉండవచ్చు. గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. రెండింటినీ ఒకే రోజు చూడాలనుకుంటే ముందు సమాధులు, తరువాత కోట అన్న వరుస మంచిదని నా అభిప్రాయం. కోట ఎక్కిన కాళ్లకు సమాధుల దగ్గర నిలబడి చూసే ఓపిక మిగలదు.

లోపలికి వెళ్లాక ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్దదాని దగ్గర మొదలుపెట్టకండి. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ సమాధి దగ్గరికి ముందుగా వెళ్లండి. బడే మాలిక్ అని గౌరవంగా పిలిచే ఆ రాజు కట్టడం చిన్నదే. చతురస్రపు గది, లోపల ఎనిమిది మూలల అమరిక, పైన ఒక గుమ్మటం, చుట్టూ అరుగు మీద ఇంటివాళ్ల చిన్న చిన్న సమాధులు. తరువాతి వారు కట్టిన వాటన్నింటికీ అచ్చు ఇదే. ముసలితనంలో నమాజు చేస్తుండగా 1543లో హత్యకు గురైన ఈయన మరణం వెనుక సొంత కుమారుడు జంషీద్ హస్తముందని చరిత్రకారులు రాశారు.

ఆ జంషీద్ సమాధి పక్కనే ఉంది. రాజులందరిదీ చతురస్రపు కట్టడమైతే ఇతనిది మాత్రం అష్టకోణం, రెండు అంతస్తులుగా సన్నగా పైకి లేచినట్టుంటుంది. లోపల సమాధి మీద ఒక్క అక్షరమూ లేదు. ఏడేళ్ల పాలన తరువాత 1550లో పోయినవాడి పేరు చెక్కించడానికి ఎవరూ పూనుకోలేదేమో అనిపిస్తుంది. అతని తరువాత కొద్ది నెలలు సింహాసనం మీద కూర్చున్న పసివాడు సుభాన్ కులీ. ఆ పిల్లవాడికి ఛోటే మాలిక్ అనే పేరు మిగిలింది.

మూడో మజిలీ ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి. అన్న జంషీద్‌కు భయపడి విజయనగరానికి పారిపోయి, అక్కడ ఏడేళ్లు తలదాచుకున్న ఇబ్రహీం తెలుగు బాగా నేర్చుకుని వచ్చాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచి కావ్యాలు అంకితమిచ్చారు. తనకు ఆశ్రయమిచ్చిన విజయనగరం మీదే 1565లో ఇతర సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లింది కూడా ఈయనే. ఆయన గుమ్మటపు దక్షిణపు గోడ మీద రంగు పలకల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు ఈ కట్టడాలు ఇంత తెల్లగా, బూడిదగా లేవని, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల మెరుపుతో ఉండేవని ఊహించుకోవడానికి ఆ నాలుగు ముక్కలే ఆధారం. కాబట్టి తొందరపడకుండా గోడకు దగ్గరగా వెళ్లి చూడండి.

ఆ తరువాతే ముహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధికి రావాలి. 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించిన రాజు, దక్కనీ ఉర్దూలో కవిత్వం రాసిన రాజు ఈయనే. ఎత్తైన విశాలమైన అరుగు మీద, మెట్లెక్కి చేరుకునే ఈ మందిరం ప్రాంగణంలోకెల్లా గొప్పది. దీని ముఖభాగంలో కమానుల మధ్య నిలువెత్తు సన్నని గ్రానైటు స్తంభాలు పైభాగాన్ని మోస్తూ కనిపిస్తాయి. వేయిస్తంభాల గుడిని చూస్తూ పెరిగిన మన కళ్లకు, పారసీక గుమ్మటం కింద ఈ స్తంభాలు కొంచెం మన ఇంటి మనుషుల్లా అనిపిస్తాయి.

వరుసలో తరువాతివారు ముహమ్మద్ కులీ అల్లుడు సుల్తాన్ ముహమ్మద్, ఆయన కొడుకు అబ్దుల్లా. 1672లో మరణించిన అబ్దుల్లాదే ఇక్కడి చివరి రాజసమాధి. సున్నపు పనితనం చూడాలంటే అబ్దుల్లా గుమ్మటం దగ్గర ఎక్కువసేపు ఉండండి.

గుమ్మటాన్ని చూడడంలో ఏం గమనించాలి?

కింది నుంచి పైకి చూడండి. ముందు అరుగు, దాని మీద చతురస్రపు గది లేదా గది చుట్టూ కమానుల వసారా, ఆపైన చెక్కడపు పిట్టగోడ, మూలల్లో చిన్న మినార్లు, వాటన్నిటి నడుమ నుంచి ఉల్లిగడ్డలా ఉబ్బిన గుమ్మటం. గుమ్మటం గోడ మీద నేరుగా కూర్చోదు. దాని అడుగున చుట్టూ తామర రేకులు విచ్చుకుని ఉంటాయి, ఆ పువ్వులోంచి మొగ్గ లేచినట్టు గుమ్మటం పైకి వస్తుంది. ఇరాన్, మధ్య ఆసియా నుంచి వచ్చిన గుమ్మటానికి ఈ తామర పీఠం దక్కనులోనే దొరికింది. సుల్తాన్ కులీ కట్టడంలో ఉన్న సాదాతనం అబ్దుల్లా నాటికి ఎంత అలంకారంగా మారిందో పోల్చుకుంటే, ఒక శతాబ్దంలో మేస్త్రీల చేయి ఎలా తిరిగిందో తెలుస్తుంది.

గోడలు గ్రానైటువి, పైపూత సున్నానిది. మన పెద్దలు డంగు సున్నం అనే, గానుగలో మెత్తగా నూరిన సున్నాన్ని పొరలు పొరలుగా పూసి, అది ఆరకముందే చేత్తో పూలు, లతలు, కమానుల భుజాల మీద గుండ్రటి పతకాలు తీర్చారు. రాతిలో చెక్కడానికి రామప్ప శిల్పికి దొరికిన వ్యవధి ఈ పనిలో దొరకదు. సున్నం ఆరిపోయేలోగా పని పూర్తి కావాలి కాబట్టి గీతలో తడబాటు ఉంటే అలాగే మిగిలిపోతుంది. ఒకటి రెండు చోట్ల అలాంటి తడబాట్లు నేను చూశాను. నాకు అవి నచ్చాయి.

పైన కనిపించే నల్లరాయి కిందే భౌతికకాయం ఉందా?

పెద్ద సమాధుల్లో కింద నేలమాళిగలో అసలు సమాధి ఉంటుంది, పైగదిలో సరిగ్గా దాని మీదుగా నమూనా సమాధి ఉంటుంది. మీరు చూసే నిగనిగలాడే నల్ల బసాల్టు రాయి ఆ నమూనాయే. ముహమ్మద్ కులీ సమాధి దగ్గర అరుగు కింద ఆ నేలమాళిగ ఉన్న సంగతి బయటి నుంచే అర్థమవుతుంది. తెరిచి ఉంచిన చోటికి మాత్రమే వెళ్లండి.

ఇస్లాం పద్ధతిలో మన దేశంలో భౌతికకాయాన్ని తల ఉత్తరానికి, ముఖం పడమటికి ఉండేలా పడుకోబెడతారు కాబట్టి సమాధులన్నీ ఉత్తర దక్షిణాలుగానే ఉంటాయి. దిక్కు తెలియక తికమకపడితే ఏదో ఒక సమాధిని చూస్తే సరిపోతుంది.

శాసనాలు చదవలేం కదా, వాటి వల్ల మాకు ప్రయోజనమేమిటి?

నల్లరాతి మీద చెక్కినవి అరబ్బీలో ఖురాను వాక్యాలు, ప్రార్థనలు, పారసీకంలో మృతుల వివరాలు. కుతుబ్‌షాహీలు షియాలు కావడం వల్ల ప్రవక్త కుటుంబాన్ని, ఇమాములను స్మరించే ప్రార్థనలు ఎక్కువగా ఉంటాయి. చదవలేకపోయినా లిపి రకాలను గుర్తుపట్టవచ్చు. నిటారుగా ఎత్తైన నిలువు గీతలతో, ఒకదానిలోకి ఒకటి అల్లుకున్నట్టు ఉండేది సులుస్. పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతున్నట్టు ఉండేది నస్తాలీక్. వేలితో తడమకండి. వందలమంది చేతి చెమట తగిలితే మెరుగు పోతుంది.

ఆడవారి సమాధులను ఎలా గుర్తుపట్టాలి?

సాధారణంగా మగవారి సమాధి రాయి మీద మధ్యలో కలందానులాగా, అంటే కలాలు పెట్టుకునే పెట్టెలాగా, పొడవుగా ఉబ్బెత్తు ఉంటుంది. ఆడవారి సమాధి పైభాగం పలకలాగా చదునుగా ఉంటుంది. కలం, పలక అని గుర్తుపెట్టుకుంటే పిల్లలకు కూడా బాగా ఎక్కుతుంది. మగవాడికి కలమూ, ఆడదానికి పలకా ఎందుకో అడగకండి. ఆ కాలపు పంపకం అలా ఉంది.

ఈ పంపకాన్ని లెక్కచేయని స్త్రీ ఒకరు ఇక్కడ ఉన్నారు. హయాత్ బక్షీ బేగం నగర నిర్మాత ముహమ్మద్ కులీకి కూతురు, సుల్తాన్ ముహమ్మద్‌కు భార్య, అబ్దుల్లాకు తల్లి. చిన్న వయసులో గద్దెనెక్కిన కొడుకు తరఫున చాలాకాలం రాజ్యవ్యవహారాలు నడిపింది ఆమే. ప్రజలు మా సాహెబా అని పిలిచేవారు. మాసాబ్ ట్యాంకు, హయత్‌నగర్ అనే పేర్లు ఆమె గుర్తులే. వరంగల్లు నుంచి వచ్చే రైళ్లు, బస్సులు ఎక్కే మనం ఆ పేర్లు వినని రోజు ఉండదు. ఆమె సమాధి రాజుల సమాధులకు తీసిపోదు, దాని పక్కనే ఆమె కాలపు పెద్ద మసీదు ఉంది.

అబ్దుల్లా ఆస్థానంలోని తారామతి, ప్రేమామతి అనే నర్తకీమణుల సమాధులు కూడా ఈ ప్రాంగణంలోనే, రాజు సమాధికి దగ్గరలోనే ఉన్నాయి. వారి గురించి గైడ్లు చెప్పే ప్రేమకథల్లో తాడు మీద నడక మొదలైన ముచ్చట్లు చాలా ఉన్నాయి. వినడానికి బాగుంటాయి, నమ్మనవసరం లేదు. ఒక నర్తకిని రాజవంశపు శ్మశానంలో గుమ్మటం కట్టి పూడ్చారన్న నిజమే ఆ కథలకంటే పెద్దది.

రాజులూ రాణులూ కాక ఇంకెవరివైనా చూడదగినవి ఉన్నాయా?

అబ్దుల్లా వైద్యులైన నిజాముద్దీన్ అహ్మద్ గీలానీ, అబ్దుల్ జబ్బార్ గీలానీల సమాధులు ఒకదానికొకటి ఎదురెదురుగా కవలల్లా ఉన్నాయి. 1651 నాటి ఈ రెండు కట్టడాలకూ నాలుగు వైపులా తెరిచిన కమానులున్నాయి, గాలి ధారాళంగా ఆడుతుంది. ప్రాంగణంలో ఎండ తప్పించుకుని కూర్చోవడానికి నాకు తెలిసిన మంచి చోటు అదే.

స్నానశాల ఎందుకు? రాజులు అక్కడ స్నానం చేసేవారా?

బతికి ఉండగా కాదు. సమాధికి తెచ్చిన భౌతికకాయాన్ని శుద్ధి చేయడానికి సుల్తాన్ కులీ కాలంలో కట్టిన హమ్మాం అది. వేడినీటికీ చన్నీటికీ వేర్వేరు తొట్లు, గోడల్లో దాచిన మట్టి గొట్టాలు, నేల మీద కాలువలు ఇప్పటికీ కనిపిస్తాయి. నడుమ ఉన్న వేదికకు పన్నెండు పక్కలు. షియాల పన్నెండుమంది ఇమాములకు అది సంకేతమని వివరిస్తారు. రాజులందరూ గుమ్మటం కిందికి చేరే ముందు ఈ రాతి మీదనే పడుకున్నారు. ఎంతో ఖర్చుపెట్టి కట్టిన ఆ పెద్ద మందిరాలకంటే ఈ చిన్న గదే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది.

బావులు చూడవలసినవేనా?

తప్పకుండా. ప్రాంగణంలో ఆరు బావులున్నాయి. పెద్దదైన బడీ బావోలీ 2013 వానలకు ఒక పక్క కూలిపోయింది, ఆ తరువాత దాన్ని రాయి రాయి పేర్చి మళ్లీ నిలబెట్టారు. ఈ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. (అదే ఏడు కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకూ ఒక పురస్కారం దక్కింది, ఉత్తర తెలంగాణవారు అది కూడా చూసి రావాలి.) వరంగల్లు శివనగర్‌లోని కాకతీయుల మెట్లబావిని చూసినవారికి పోలిక, తేడా రెండూ తెలుస్తాయి: మనది స్తంభాలతో గుడి మండపంలా ఉంటుంది, ఇక్కడివి కమానులతో ఉంటాయి. నీళ్ల దగ్గరకు దిగే పని ఒక్కటే.

మరమ్మతుల పేరుతో అంతా కొత్తగా కట్టేశారంటారు, నిజమేనా?

ఈ ఫిర్యాదు నేను చాలాసార్లు విన్నాను. నల్లబడిన గోడలను చూస్తూ పెరిగినవారికి తెల్లటి సున్నపు పూత కొత్తగా అనిపిస్తుంది. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ ఇక్కడ తోటలు వేయించి, ప్రహరీ కట్టించి ఒకసారి బాగుచేయించాడు. 20వ శతాబ్దంలో జరిగిన మరమ్మతుల్లో సిమెంటు వాడారు. సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు, ఆ తేమ లోపలే ఉండి సున్నాన్ని, రాతిని తినేస్తుంది. 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆ సిమెంటును గీకివేసి, పాత పద్ధతిలో సున్నంతోనే మళ్లీ పూయించింది. పని ముగిసి 2024 జూలైలో ప్రాంగణాన్ని అప్పగించారు. సున్నం గాలికీ వానకీ కొన్నేళ్లలో రంగు మారుతుంది. కాబట్టి తెల్లదనం గురించి బెంగ అక్కర్లేదు. ఒకటి రెండు చోట్ల పూత మరీ నున్నగా ఉందని నాకూ అనిపించింది కానీ, సిమెంటుతో పోలిస్తే అది చిన్న విషయం.

సమాధుల దగ్గరికి వెళ్లివస్తే మైల అంటారు. తలస్నానం చేయాలా?

మా అమ్మమ్మ వయసువారు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఆ నియమం అంత్యక్రియలకు వెళ్లివచ్చినవారికి చెప్పినది. ఇక్కడి రాజసమాధుల్లో చివరిదానికే మూడున్నర శతాబ్దాలు దాటాయి. అయినా పట్టింపు ఉన్నవారు ఇంటికి వచ్చి స్నానం చేస్తే తప్పేమీ లేదు. రోజంతా ఎండలో తిరిగి వచ్చాక ఎలాగూ చేస్తారు. గర్భిణులు వెళ్లవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు మెట్ల గురించే: ఎత్తైన మెట్లు, మసక వెలుతురు ఉన్న చోట్ల జాగ్రత్త అవసరం. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

దుస్తులు, చెప్పులు, ఫొటోల విషయంలో ఏమైనా నియమాలున్నాయా?

సంప్రదాయబద్ధంగా ఉంటే చాలు. మసీదుల్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు విడవండి, సమాధి గదుల్లోనూ విడిస్తే మర్యాద. సమాధి రాళ్ల మీద కూర్చుని, కాళ్లు పెట్టి ఫొటోలు తీసుకోవడం ఎంత తప్పో, మన తాతల సమాధి మీద ఎవరైనా అలా కూర్చుంటే ఎలా ఉంటుందో తలచుకుంటే తెలుస్తుంది. పెళ్లికి ముందు ఫొటోషూట్లకు ముందస్తు అనుమతి కావాలి. గోడల మీద పేర్లు గీసే ప్రేమికుల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లలను, వృద్ధులను తీసుకువెళ్లవచ్చా? తినడానికి ఏముంటుంది?

నడక చాలా ఉంటుంది. మోకాళ్ల నొప్పులవారు సుల్తాన్ కులీ, జంషీద్ సమాధులు, హమ్మాం చూసి చెట్టు కింద కూర్చోవచ్చు. ముహమ్మద్ కులీ అరుగు ఎక్కకపోయినా కిందినుంచే బాగా కనిపిస్తుంది. మంచినీళ్లు వెంట తీసుకువెళ్లండి. సర్వపిండి, సకినాలు సంచిలో ఉంటే మధ్యాహ్నం వరకు బెంగ ఉండదు, వాటిని గేటు బయటే తిని, కాగితాలు వెంట తెచ్చుకోండి. భోజనానికి టోలిచౌకీ దగ్గరే. అక్కడ ఏం తినాలో నేను చెప్పనవసరం లేదు.

అదే రోజు పాయిగా సమాధులు కూడా చూడవచ్చా?

నా సలహా అయితే వద్దు. అవి నగరానికి మరో కొసన, సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండలో ఉన్నాయి. నిజాముల తరువాత అంతటి ప్రభువులైన పాయిగాల కుటుంబ సమాధులవి, 18వ శతాబ్దం చివర మొదలైనవి. కుతుబ్‌షాహీ గుమ్మటాలను దూరం నుంచి చూడాలి, పాయిగా సమాధులను ముక్కు ఆనించి చూడాలి. పైకప్పు లేని చోట్ల కూడా చుట్టూ సున్నంతో, పాలరాతితో జాలీ తెరలు కట్టారు. ఒక జాలీలోని రేఖాగణితపు అల్లిక పక్కదానిలో ఉండదు. వాటికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఇంకో గంట మిగిలితే, మూసారాంబాగ్ దగ్గర అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం కొలువులో పనిచేసి 1798లో పోయిన అతణ్ని హిందువులు మూసారామ్ అనీ, ముస్లిములు మూసా రహీమ్ అనీ పిలుచుకున్నారు.

మన దగ్గర ఇలాంటి చోట్లు లేవా?

రాజగుమ్మటాల వంటివి లేవు. కానీ వీటికంటే ఎన్నో రెట్లు పాతవి ఉన్నాయి. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో దామరవాయి దగ్గర పెద్ద పెద్ద బండపలకలను నిలబెట్టి, పైన ఒక పలక కప్పిన బృహచ్ఛిలాయుగపు సమాధులున్నాయి. మేడారం వెళ్లే మనలో చాలామంది ఆ దారిలోనే పోతూ వాటిని చూడరు.

చివరి రాజు తానీషా సమాధి ఎక్కడుంది?

ఇక్కడ లేదు. ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకుని, తానీషాను దౌలతాబాదు కోటలో బంధించాడు. ఆయన అక్కడే పోయాడు, ఖుల్దాబాదులో సమాధి అయ్యాడు. తరువాత 1707లో ఔరంగజేబును పూడ్చింది కూడా ఆ ఊళ్లోనే. భద్రాద్రి రామదాసు కథ వల్ల తానీషా పేరు తెలియని తెలుగువాడు లేడు కాబట్టి, ప్రాంగణంలో ఆయన సమాధి కోసం వెతికేవారు ప్రతిసారీ కనిపిస్తారు. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలు ముట్టడికి ముందే, 1686లో, గోల్కొండ వీధిలో హత్యకు గురయ్యారు.

గైడును అడిగితే సగంలో ఆగిపోయిన ఒక సమాధిని చూపిస్తారు. గోడలు లేచాయి, గుమ్మటం లేదు. అబ్దుల్లా అల్లుడు మీర్జా నిజాముద్దీన్ అహ్మద్‌దని చెబుతారు. వంశమే కూలిపోతున్న కాలంలో దాన్ని పూర్తిచేసేవారు లేకపోయారు. మధ్యాహ్నం రైలుకు తొందర లేకపోతే చివరగా దాని దగ్గరికి వెళ్లండి. పైన ఆకాశం తెరిచి ఉంటుంది కాబట్టి, మిగతా గుమ్మటాల్లో కనబడని గోడ మందం, రాతి పేర్పు, కమాను వంపు మొదలయ్యే చోటు అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.